ఉచిత డిజిటల్ శిల్పం: పలకల లెక్క, ర్యామ్ లెక్క, ఆయుష్షు లెక్క

తెర మీద ఆరు ముఖాల పెట్టె ఒకటి ఉందనుకోండి. ఒక్కో ముఖాన్ని నాలుగుగా చీలిస్తే 24 పలకలు. మళ్లీ చీలిస్తే 96. ఎనిమిదోసారికి 3,93,216. తొమ్మిదోసారికి 15,72,864. పదోసారికి 62,91,456. కంప్యూటర్‌లో బొమ్మ మలచడం అంటే ఈ పలకలను బ్రష్‌తో లాగడం, నొక్కడం, నున్నగా చేయడం. ఈ పనిలో ఉన్నవాళ్లు వీటిని పాలిగన్లు అంటారు. పలకలు ఎంత చిన్నవైతే కనురెప్ప అంచు, పంచె మడత అంత తేటగా వస్తాయి. కంప్యూటర్ మీద బరువూ అంతే వేగంగా, అంటే ప్రతి మెట్టుకీ నాలుగు రెట్లు, పెరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందుగా అడిగేది ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, కొనుక్కోవాలా అని. నా మట్టుకు ఈ ప్రశ్నకు జవాబు రెండు అంకెల్లో ఉంది. చేయాలనుకున్న బొమ్మకు ఎన్ని పలకలు కావాలి? ఉన్న కంప్యూటర్ ఎన్నింటిని మోయగలదు? ఈ లెక్క వేసుకుంటే మొదటి ఏడాదికి ఉచితమైనవే చాలు. వాటికి బలహీనతలు లేవని కాదు. చాలామంది భయపడే చోట అవి లేవు, అంతే.

పది సెంటీమీటర్ల వినాయకుడు

3డి ప్రింటర్‌లో తీయడానికి 10 సెంటీమీటర్ల ఎత్తున్న వినాయకుణ్ణి మలుస్తున్నాం. అదే కొలత ఉన్న గుండ్రటి బంతి ఉపరితలం సుమారు 31,416 చదరపు మిల్లీమీటర్లు. తొండం, చేతులు, కిరీటం, మడతలు కలిపి దానికి రెట్టింపు వేసుకుందాం: 62,832. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసే మామూలు ప్రింటర్లలో నాజిల్ రంధ్రం సాధారణంగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకన్నా సన్నని గీతను ఆ యంత్రం ఎలాగూ సరిగా పోయలేదు. కాబట్టి ఒక్కో పలక 0.4 మిల్లీమీటర్ల చదరం అయితే సరిపోతుంది. భాగిస్తే వచ్చేది సుమారు 3,92,700 పలకలు.

పెట్టెను ఎనిమిదిసార్లు చీలిస్తే వచ్చిన సంఖ్య కూడా దాదాపు ఇదే. ఇవాళ బజారులో దొరికే మధ్యరకం లాప్‌టాప్ ఏదైనా ఈ బరువును మోస్తుంది. ఈ బొమ్మను ప్రింటర్‌కు పంపే ఎస్టీఎల్ ఫైలు పరిమాణం కూడా ముందే చెప్పవచ్చు. బైనరీ ఎస్టీఎల్‌లో మొదట 84 బైట్లు, ఆ తర్వాత ఒక్కో త్రికోణానికి 50 బైట్లు పడతాయి. ఒక చదరపు పలక అంటే రెండు త్రికోణాలు. మన వినాయకుడికి 7,85,400 త్రికోణాలు, అంటే 39 ఎంబీ చిల్లర. సన్నని పనితనానికి పేరుపడ్డ రెజిన్ ప్రింటర్ కోసం పలకను 0.2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఫైలు 157 ఎంబీ అవుతుంది. అది కూడా భయపడాల్సిన అంకె కాదు. పైగా కడుపు, వీపు లాంటి నున్నటి చోట్ల అంత సన్నని పలకలు అక్కర్లేదు. తర్వాత చెప్పబోయే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో డెసిమేట్ అనే మాడిఫయర్ ఉంది. ఆకారం పెద్దగా మారకుండా పలకలను తగ్గించడమే దాని పని.

జెడ్‌బ్రష్ లాంటి, కోట్ల పలకలు మోయగల సాఫ్ట్‌వేర్ కోసం ఏడాదికి 30 వేల రూపాయల పైచిలుకు చందా కట్టడం మొదటి బొమ్మలకు అనవసరం అని నేను అనేది ఈ లెక్క చూసే.

ఏది మొదట తెరవాలి

అసలు ఏమీ దించుకోకుండా మొదలుపెట్టాలంటే స్కల్ప్ట్‌జీఎల్ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫాన్ జినియే రాసిన ఈ ప్రోగ్రామ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోన్లు, టాబ్లెట్లలో పేరు తెచ్చుకున్న నోమాడ్ స్కల్ప్ట్ కూడా ఆయనదే. స్కల్ప్ట్‌జీఎల్ తెరవగానే ఒక గోళం కనిపిస్తుంది, పక్కన కొద్దిపాటి బ్రష్‌లు. అరగంటలో ముక్కూ చెంపా తీర్చవచ్చు. పని అయ్యాక ఎస్టీఎల్, ఓబీజే, పీఎల్‌వై రూపాల్లో దాచుకోవచ్చు. దాచుకోకుండా ట్యాబ్ మూసేస్తే మాత్రం పనంతా పోతుంది. రంగులు వేసి, వెలుగునీడలు పెట్టి, కదిలించే సదుపాయాలు పెద్దగా ఆశించకూడదు. చేతికి అలవాటు కావడానికి ఇంతకన్నా తేలికైన చోటు నాకు తెలియదు. ముందు ఇక్కడ వారం పది రోజులు బంతి నుంచి ముఖాలు తీయండి.

ఆ తర్వాత బ్లెండర్. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. బ్లెండర్‌లో శిల్పం ఒక గది మాత్రమే. మోడలింగ్, యానిమేషన్, రెండరింగ్, వీడియో ఎడిటింగ్ అన్నీ అదే కప్పు కింద ఉన్నాయి. మొదటిసారి తెరిచినప్పుడు కనిపించే మెనూలలో చాలావాటితో బొమ్మ మలిచేవాడికి పని లేదు. పైన స్కల్ప్టింగ్ అని రాసి ఉన్న ట్యాబ్ నొక్కి, మిగతావాటి జోలికి వెళ్లకుండా ఉండటమే మొదటి నెల క్రమశిక్షణ. అందులోనూ గ్రాబ్, క్లే స్ట్రిప్స్, స్మూత్, క్రీజ్, ఇన్‌ఫ్లేట్ ఈ ఐదు బ్రష్‌లు చాలు. షిఫ్ట్ పట్టుకుంటే ఏ బ్రష్ అయినా నున్నగా చేస్తుంది. కంట్రోల్ పట్టుకుంటే ఉబ్బెత్తుకు బదులు గుంట పడుతుంది. బ్రష్ పరిమాణం ఎఫ్, బలం షిఫ్ట్ ఎఫ్. పాఠాలు చూస్తూ వంద మీటలు బట్టీ పట్టడం కన్నా ఈ నాలుగింటితో పది తలలు మలచడం మేలు.

బ్లెండర్‌లో అంకెల విషయంగా ప్రమాదం ఒకటి ఉంది. రీమెష్ అనే ఆదేశం బొమ్మ మొత్తాన్ని సమానమైన చదరాలతో కొత్తగా నేస్తుంది. ఎక్కడైనా లాగి లాగి పలకలు సాగిపోతే ఇదే దిక్కు. దానికి ఇవ్వాల్సింది వాక్సెల్ పరిమాణం. రెండు మీటర్ల వ్యాసం ఉన్న గోళానికి 0.1 మీటర్లు ఇస్తే వచ్చేది కనీసం 1,250 పలకలు. 0.01 ఇస్తే లక్షా పాతిక వేలు. 0.005 ఇస్తే ఐదు లక్షలు. చేయి జారి 0.001 కొట్టారంటే కోటీ పాతిక లక్షలు! ఒక్క సున్నా ఎక్కువ పడితే బరువు 100 రెట్లు. లాప్‌టాప్ అక్కడే బిగుసుకుపోతుంది. అంకెను సగం సగం చేసుకుంటూ దిగాలి, ప్రతిసారీ ముందు సేవ్ చేయాలి. బ్లెండర్ తనంతట తాను రెండు నిమిషాలకోసారి తాత్కాలిక ప్రతి దాస్తుంది, వెనక్కి వెళ్లడానికి మొదట్లో 32 అడుగులు ఇస్తుంది. ఇవి ఆపదలో ఆదుకుంటాయి కానీ మీరు సేవ్ చేసుకోవడానికి బదులు కావు.

కంప్యూటర్ సంగతికి వస్తే, బ్లెండర్ సంస్థ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, 32 ఉంటే మంచిదంటుంది. 8 జీబీతో కూడా పైన చెప్పిన వినాయకుణ్ణి మలచవచ్చు. పక్కన బ్రౌజర్‌లో పదిహేను ట్యాబ్‌లు తెరిచి ఉంటే మాత్రం కష్టం. చేతిలో ఐదు వేల రూపాయలు ఉంటే వాటిని ఏ సాఫ్ట్‌వేర్ మీదా పెట్టకండి, చిన్న పెన్ టాబ్లెట్ కొనండి. మౌస్‌కు ఒత్తిడి తెలియదు. నొక్కినా, తాకినా ఒకటే గీత. పెన్ను మెల్లగా ఆనిస్తే సన్నగా, గట్టిగా నొక్కితే లోతుగా పడుతుంది. 2,048 మెట్ల ఒత్తిడిని గుర్తించే చవకరకం పెన్నుతోనే బొమ్మ తీరు మారిపోతుంది. శిల్పం అబ్బలేదని వదిలేసినవాళ్లలో చాలామంది మౌస్‌తో పోరాడి వదిలేసినవాళ్లేనని నా నమ్మకం.

సాఫ్ట్‌వేర్ ఎన్నాళ్లు బతుకుతుంది

ఉచితమైనవాటిలో నన్ను నిజంగా కలవరపెట్టేది వాటి ఆయుష్షే. 2009 చివర్లో స్వీడన్‌కు చెందిన టొమాస్ పెటర్సన్ స్కల్ప్ట్రిస్ అనే చిన్న ప్రోగ్రామ్ విడుదల చేశాడు. బ్రష్ తిరిగిన చోట మాత్రమే పలకలు వాటంతట అవే సన్నబడేవి. ఎన్ని పలకలు కావాలో ముందుగా ఆలోచించే పనే లేదు. కొత్తవాళ్లకు అంతకన్నా హాయి ఏముంటుంది? 2010లో జెడ్‌బ్రష్ తయారీదారు పిక్సాలజిక్ దాన్ని తీసుకుంది. ఉచితంగానే ఇస్తూ వచ్చింది కానీ ఆల్ఫా 6 దాటి అది ఎదగలేదు. 2018లో ఆ పద్ధతి స్కల్ప్ట్రిస్ ప్రో పేరుతో జెడ్‌బ్రష్ లోపలికి, అంటే డబ్బు కట్టే గదిలోకి, వెళ్లింది. 2021 చివర్లో పిక్సాలజిక్‌నే మాక్సాన్ అనే మరో సంస్థ కొంటున్నట్టు ప్రకటించింది.

మరో సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటోడెస్క్ కథా ఇలాంటిదే. ప్రింటింగ్‌కు ముందు చిల్లులు పూడ్చడానికి, రెండు బొమ్మలు అతకడానికి ఎంతోమంది వాడిన మెష్‌మిక్సర్ 3.5 వెర్షన్ దగ్గర ఆగిపోయింది. ఐప్యాడ్‌లో పిల్లలు కూడా మలచిన 123డి స్కల్ప్ట్ ప్లస్‌తో సహా 123డి వరుస మొత్తాన్ని ఆ సంస్థ 2017లో ఎత్తేసింది.

డబ్బు పెట్టి కొన్నది నిలుస్తుందన్న భరోసా ఉందా అంటే, అదీ లేదు. చెక్క మీద చెక్కడాల డిజైన్లకు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే చెక్కే యంత్రం) పనివాళ్లు వాడుతూ వచ్చిన ఆర్ట్‌క్యామ్‌ను అదే సంస్థ 2018లో ఆపేసింది. వేలకు వేలు పోసిన వర్క్‌షాపులు కార్వెకో పేరుతో వచ్చిన దాని వారసుడి వైపు మళ్లాల్సి వచ్చింది.

ఈ వరుసలో బ్లెండర్ ఒక్కటి వేరుగా నిలబడటానికి కారణం 2002లో జరిగిన సంగతి. దాన్ని నడిపిన కంపెనీ మూతపడింది. సృష్టికర్త టాన్ రూసెండాల్ పెట్టుబడిదారుల దగ్గర హక్కులు విడిపించడానికి 1,00,000 యూరోలు కావాలని జనాన్ని అడిగాడు. ఏడు వారాల్లో ఆ మొత్తం పోగైంది. ఆ ఏడాది అక్టోబరు 13న కోడ్ మొత్తం జీపీఎల్ లైసెన్సు కింద అందరిదీ అయింది. ఇవాళ దాన్ని ఎవరైనా కొని అటకెక్కించడానికి వీల్లేదు. బ్లెండర్ సంస్థే రేపు మూతపడినా కోడ్ తీసుకుని ఇంకొకరు కొనసాగించవచ్చు. అందులో మీరు చేసిన బొమ్మ మీదే, అమ్ముకోవచ్చు, ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లోనే తయారైంది.

ఉచితం అన్న మాట కింద వేరే రకాలూ ఉన్నాయి, లైసెన్సు చదవాలి. ఆటోడెస్క్ తన శిల్ప సాఫ్ట్‌వేర్ మడ్‌బాక్స్‌ను విద్యార్థులకు ఏడాదికోసారి పొడిగించుకునే పద్ధతిలో ఉచితంగా ఇస్తుంది. దానితో చేసిన బొమ్మలు అమ్మడం నిబంధనలకు విరుద్ధం. 2020లో వచ్చిన ఉచిత జెడ్‌బ్రష్‌కోర్‌మినీ కూడా వ్యాపారానికి ఇచ్చింది కాదు. ఏది వాడినా ఒక అలవాటు చేసుకోండి: పూర్తయిన ప్రతి బొమ్మకూ ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుతో పాటు ఓబీజే ప్రతి ఒకటి దాచండి. స్కల్ప్ట్రిస్ పోయినా, అందులో చేసి ఓబీజేగా దాచిన బొమ్మలు ఇవాళ్టికీ బ్లెండర్‌లో తెరుచుకుంటాయి.

ప్రింటర్‌కు పంపేవాళ్లకు మరొక మాట. ఎస్టీఎల్ ఫైలులో అంకెలే ఉంటాయి, అవి మీటర్లా మిల్లీమీటర్లా అన్నది ఉండదు. బ్లెండర్ మీటర్లలో లెక్కిస్తుంది, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మిల్లీమీటర్లు అనుకుంటుంది. 0.1 మీటరు వినాయకుడు 0.1 మిల్లీమీటరు చుక్కై కూర్చుంటాడు. ఎగుమతి చేసేటప్పుడు స్కేల్ దగ్గర 1000 వేస్తే సరిపోతుంది.

ఎక్కడ చాలదు

పూజగది తలుపు మీద సీఎన్‌సీ చెక్కడం మన ఊళ్లలో ఇప్పుడు మామూలైంది. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 1,800 ఎత్తున్న తలుపు రెక్క తీసుకోండి. మిల్లీమీటరుకు ఒక బిందువు చొప్పున 10,80,000 బిందువులు, సుమారు 21,60,000 త్రికోణాలు, 108 ఎంబీ. లతల అంచులు పదునుగా రావాలని అర మిల్లీమీటరుకు దిగితే 43,20,000 బిందువులు, 86,40,000 త్రికోణాలు, 432 ఎంబీ. ఈ బరువు దగ్గర 8 జీబీ లాప్‌టాప్‌లో బ్లెండర్ బ్రష్ చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. కోట్ల పలకలను చేతికి బరువు తెలియకుండా తిప్పడంలో జెడ్‌బ్రష్ ముందుంది. చర్మపు గరుకును ఒక పొరలో, ముడతలను మరో పొరలో ఉంచి విడివిడిగా తగ్గించుకునే శిల్ప పొరల సదుపాయం కూడా దానికి ఉంది, బ్లెండర్‌లో అలాంటిది నేరుగా లేదు.

తలుపుకైతే మధ్యేమార్గం దొరుకుతుంది. కుడి ఎడమలు ఒకేలా ఉండే డిజైన్ అయితే సగమే మలచి మిర్రర్ మాడిఫయర్‌తో రెండో సగం తెచ్చుకోవచ్చు. లత ఒక మెలిక చెక్కి, అరే మాడిఫయర్‌తో అంచు పొడవునా పరచవచ్చు. మిల్లీమీటరుకు ఒక బిందువు లెక్కన అప్పుడు బ్రష్ కింద ఉండేది ఐదారు లక్షల పలకలే.

సినిమా, గేమ్ స్టూడియోల్లో పాత్రల శిల్పిగా ఉద్యోగం కావాలనుకునేవాళ్ల సంగతి వేరు. అక్కడ జెడ్‌బ్రష్ పేరు పెట్టి అడుగుతారు. దాంట్లో తెరను తిప్పే పద్ధతే బ్లెండర్‌కు పూర్తిగా భిన్నం, చేతికి కొత్తగా నేర్పాలి. అలాంటివాళ్లు కూడా ఏడాది చందాకు తొందరపడవద్దు. బ్లెండర్‌లో రెండు మూడు బొమ్మలు పూర్తయ్యాక ఒక్క నెలకు కట్టి, వాటిలో ఒకదాన్ని ఓబీజేగా జెడ్‌బ్రష్‌లోకి తీసుకెళ్లి అక్కడ చర్మం, గోళ్లు, వెంట్రుకల మొదళ్ల వరకూ చెక్కి చూడండి.