వంశవృక్షానికి రంగులు

"ఏమిట్రా ఇది? మీ నాన్నగారిని బూడిదరంగులో పెట్టి, నన్నొక్కదాన్నీ పసుపుపచ్చగా వెలిగించావేం?"

మా అమ్మ అడిగిన ఈ ఒక్క ప్రశ్నతో నా నెలరోజుల శ్రమ మళ్ళీ మొదటికి వచ్చింది.

సంగతేమిటంటే, అమ్మకు ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. చుట్టాలందరూ వస్తారు. ఆ వేళకు మా వంశవృక్షం పెద్ద కాగితంమీద అచ్చువేయించి హాలు గోడకు తగిలిద్దామని నాకు బుద్ధి పుట్టింది. తాతగారి దస్తరంలో పాత వంశవృక్షం ఒకటి ఉన్నమాట నిజమే. కాని అందులో అందరూ మగవాళ్ళే! తల్లులతో పనిలేకుండానే ఏడు తరాలు పుట్టుకొచ్చినట్లుంటుంది. అది చూసి నేను చాలాసార్లు నవ్వుకున్నాను కూడా.

మా అబ్బాయి కంప్యూటర్లో గ్రాంప్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాడు. 2001లో మొదలైన దీన్ని స్వచ్ఛందంగా పనిచేసేవారు నడుపుతున్నారు, డబ్బిచ్చి కొనక్కరలేదు. పేర్లూ, పుట్టినరోజులూ, పెళ్ళిళ్ళూ ఒక్కసారి ఎక్కిస్తే చాలు. పూర్వీకులను విసనకర్ర ఆకారంలో చూపే పటం ఒకటి, సంతానాన్ని చూపే పటం ఒకటి, బంధుత్వాలన్నీ గీతలతో కలిపే పటం ఒకటి—ఏది కావాలంటే అది గీసిపెడుతుంది.

గీయడం దాని వంతు. ముస్తాబు మన వంతు. చిక్కంతా అక్కడే ఉంది.

మొదట అక్షరాలు. నేను ముచ్చటపడి ఎంచుకున్న ఫాంటులో తెలుగే లేదు! పేర్లకు బదులు వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటు పెట్టినతర్వాతగాని మనుషులు కనిపించలేదు. ఆపైన ఇంటిపేరు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు మన పద్ధతి గదా. పేరు ఏ వరసలో కనిపించాలో నిర్ణయించే అమరిక ఒకటుంది. అది మార్చగానే అందరూ మనవాళ్ళైపోయారు. ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే ఉంచాను. ఏ కోడలు ఏ ఇంటినుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది.

ఇక మేనరికాలు! మా అక్కయ్య మేనమామనే చేసుకుంది. అమ్మవైపు తాతగారి సంతానపటంలో ఆవిడ ఒకచోట మనవరాలు, మరొకచోట కోడలు. బంధుత్వాల పటంలో అయితే మనిషికి ఒకటే గడి. గీతలే రెండువైపులనుంచీ వచ్చి కలుస్తాయి. అందుకని దాన్నే ఖాయం చేశాను.

ఆఖరున రంగులు. ఉన్నవారికి ఒకటి, గతించినవారికి ఒకటి విడివిడిగా పెట్టుకునే వీలుంది. ఉన్నవారికి పసుపు, పోయినవారికి బూడిదరంగు పెట్టి, ఎంతో తెలివైన పని చేశాననుకున్నాను.

"పోయినవాళ్ళెవరో తెలియాలి గదమ్మా!" అన్నాను.

"ఎవరికి తెలియాలి? నాకు తెలియదూ?" అన్నది అమ్మ. కాసేపు పటంమీద వేలు ఆడిస్తూ, "మీ అక్కయ్యకీ నీకూ మధ్య ఒక ఆడపిల్ల పుట్టిందిరా. పది రోజులే ఉంది. దానికి గడి లేదేం?" అని అడిగింది.

నాకు ఆ సంగతే తెలియదు. పేరేమిటన్నాను.

"బారసాలదాకా ఉంటేగా పేరు పెట్టడానికి!"

తాతగారిని చూసి నవ్విన నేను, సొంత తోబుట్టువునే వదిలేశాను!

ఆ రాత్రే కొత్త గడి చేర్చి 'పాపాయి' అని రాశాను. ఉన్నవారికీ పోయినవారికీ ఒకే లేతపసుపు వేశాను. తేదీలు ఎలాగూ గడిలో ఉన్నాయి, కావలసినవారు చదువుకుంటారు.

పుట్టినరోజునాడు చుట్టాలందరూ ఎవరి గడి వారు వెతుక్కున్నారు. అమ్మ మాత్రం కళ్ళజోడు తెప్పించుకుని, నాకూ అక్కయ్యకూ మధ్య ఉన్న గడి దగ్గరే చాలాసేపు నిలబడింది.

మీరూ ఇటువంటి ప్రయత్నం చేస్తే ఒక్క మనవి. అచ్చుకు పంపేముందు పటాన్ని ఇంట్లో పెద్దవారికి ఒకసారి చూపించండి.