గ్రామ నక్షాలో పాముల జాడ

కనబడిన పాముకంటె కనబడని పామువలననే రైతునకు అపాయము ఎక్కువ. ఏ పాము ఎచ్చట ఉండునో ముందుగా తెలిసికొన్నచో కాటును చాలవరకు తప్పించుకొనవచ్చును. కావున నవాబుపేట మండలపు రైతులు తమ గ్రామ నక్షాపై పాముల జాడలు గుర్తించుట మంచిది.

2000 మొదలు 2019 వరకు మన దేశములో పాముకాటువలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. అందు దాదాపు సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు, అనగా వానాకాలపు పనులు ముమ్మరముగా ఉన్న రోజులలో జరిగినవే.

పాముల ఉనికిని వ్రాసి ఉంచుట క్రొత్త పని కాదు. విశాఖపట్టణమున పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను సేకరించి, తెలుగు పేర్లతో సహా 1796లో గ్రంథముగా ప్రకటించెను.

మన పీఠభూమిలో ప్రాణాపాయము కలిగించు పాములు ముఖ్యముగా నాలుగు.

1. నాగుపాము: ఎలుకలు, కప్పలు ఉన్న చోట నివసించును. పుట్టలు, ఎలుక బొరియలు, గడ్డివాములు, ధాన్యపు కొట్టులు దీని స్థానములు.

2. కట్లపాము: రాత్రి తిరుగును. ఇటుకల కుప్పలు, గోడ పగుళ్లలో దాగి, నేలపై నిద్రించువారిని కరచును. కాటు నొప్పి అంతగా తెలియదు.

3. రక్తపింజర: పొలము గట్లు, దట్టమైన గడ్డి, పొదలలో కదలక పడియుండును.

4. చిన్న పింజర: రాళ్లు గల మెట్ట నేలలు, బీళ్లలో రాతి క్రింద ఉండును.

జెర్రిపోతు, నీరుకట్టు విషము లేనివి. జెర్రిపోతు ఎలుకలను తిని పంటకు మేలు చేయును.

పటము తయారుచేయు విధము: నక్షా నకలుపై కుంటలు, వాగులు, రాళ్ల కుప్పలు, పుట్టలు, బీళ్లు, కొట్టములు గుర్తించవలెను. పాము కనబడినపుడు సర్వే నంబరు, నెల, వేళ, పాము పేరు వ్రాయవలెను. పేరు తెలియనిచో ‘తెలియదు’ అని వ్రాయుటయే మేలు. పామును పట్టుట, చంపుట ఎంతమాత్రము చేయరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) దానిని నిషేధించుచున్నది. కాటు జరిగిన చోటును ఎర్ర సిరాతో గుర్తించవలెను.

ఒక వానాకాలము గడచిన పిదప గుర్తులు ఎచ్చట గుమిగూడినవో చూడుడు. గట్టు వెంబడి ఉన్నచో గడ్డి కోయించి, కాలికి బూట్లు లేక దిగరాదు. రాత్రి నీరు పెట్టబోవునపుడు బ్యాటరీ లైటు, చేతికర్ర ఉండవలెను. ఇండ్ల వద్ద ఉన్నచో కట్టెలు, ఇటుకలు దూరముగా పేర్చి, మంచముపై దోమతెర కట్టుకొని పడుకొనవలెను.

కాటు తగిలినచో కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టుట కూడదు. ఉంగరములు, కడియములు తీసివేసి, కాటుపడిన అవయవమును కదల్చక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మన దేశములో ఇచ్చు విషహరణ మందు పై నాలుగు పాముల విషమునకును ఒక్కటే. పామును పట్టి తెచ్చుటకై కాలము వృథా చేయరాదు. మందు లభించు ఆసుపత్రిని ముందుగా విచారించి, దాని పేరును, దారిని పటము అంచున వ్రాసి, అందరికిని కనబడునట్లు పంచాయతీ కార్యాలయమున ఉంచుడు.