“తిన్నాను అబ్బా!”

2020 మార్చి 25వ తేదీ. రజబ్ మాసం ముగియవస్తున్నది. మస్జిదులో జమాఅత్ ఆగిపోయి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. మగ్రిబ్ నమాజు ఇంట్లోనే ముగించుకొని కూర్చున్న సమయంలో హైదరాబాదు నుండి మా పెద్దవాడి ఫోను వచ్చింది.

“అబ్బా, హాస్టల్ ఖాళీ చేయమంటున్నారు. పోలీస్ స్టేషనులో పత్రం ఇస్తే ఊరికి వెళ్లవచ్చునట. ఏం చేయమంటారు?”

నేను ముప్పై ఏళ్లుగా మదరసాలో హదీసు పాఠం చెబుతున్నవాడిని. మహమ్మారి వ్యాపించిన ప్రాంతానికి వెళ్లరాదని, తామున్న ప్రాంతంలోనే అది వ్యాపిస్తే అక్కడి నుండి పారిపోరాదని దైవప్రవక్త (స) చేసిన బోధను ఏటా ఏదో ఒక తరగతికి వివరించినవాడినే. అయినప్పటికీ ఆ క్షణంలో నా నోటి నుండి వెలువడిన మాట వేరు. “వచ్చేయ్ బేటా, ఎలాగైనా సరే వచ్చేయ్” అన్నాను. లోపలి గదిలో మధుమేహంతో బాధపడే భార్య, ఎనభై ఏళ్ల తల్లి ఉన్నారన్న సంగతి కూడా నాకు అప్పుడు గుర్తుకు రాలేదు.

వాడు అప్పటికి ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చివరి సెమిస్టరులో ఉన్నాడు. మార్చి మధ్యలో తెలంగాణలో విద్యాసంస్థలను ఆ నెల 31 వరకు మూసివేస్తున్నట్లు ప్రకటించగానే విశ్వవిద్యాలయ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. రెండు వారాలే కదా, ఏప్రిల్ ఒకటిన ప్రయోగశాల తెరుస్తారు కదా అని, మరో ఇద్దరు మిత్రులతో కలిసి అమీర్‌పేటలో ఒక ప్రైవేటు హాస్టలులో చేరాడు. అమీర్‌పేట హాస్టలు అంటే ఎలా ఉంటుందో పిల్లలను చదువులకు పంపిన తెలుగు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఒక గదిలో నాలుగైదు మంచాలు, కిటికీకి ఆరేసిన తువ్వాళ్లు, మంచం కిందనే పెట్టె, పుస్తకాలు, చెప్పులు.

22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆ వెంటనే రాష్ట్రంలో ఆంక్షలు మొదలయ్యాయి. 24వ తేదీ రాత్రి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారేసరికి చాలా హాస్టళ్లలో ఒకటే మాట: ఖాళీ చేయండి. యజమానులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వంటవాళ్లు వెళ్లిపోయారు, కూరగాయలు దొరకడం లేదు, ఒక్కరికి జబ్బు వచ్చినా భవనమంతా మూసివేస్తారన్న భయం పట్టుకొంది. కానీ వెళ్లగొట్టబడినవాడు ఎక్కడికి వెళ్లాలి? రైళ్లు లేవు, బస్సులు లేవు. ఆ పగలంతా వేలాది యువతీయువకులు పోలీస్ స్టేషన్ల ముందు నిరభ్యంతర పత్రాల కోసం బారులు తీరారు. పత్రం చేతికి అందినవారు మోటారుసైకిళ్ల మీద, అద్దె కార్లలో బయలుదేరి జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వరకు చేరుకొన్నారు. అక్కడ ఆంధ్రప్రదేశ్ అధికారులు ఆపివేశారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంటేనే లోనికి రానిస్తామన్నారు. ఆ రాత్రి రహదారి మీదనే తెల్లవారింది చాలామందికి. ఇటువైపు తెలంగాణ ప్రభుత్వం పత్రాల జారీని నిలిపివేసి, హాస్టళ్లను మూయవద్దని యజమానులను ఆదేశించింది. పొమ్మనే పత్రం ఒక రాష్ట్రానిది, ఆగమనే గేటు మరో రాష్ట్రానిది. నడుమ మన పిల్లలు.

మావాడి దగ్గర కూడా పత్రం ఉంది. ఒక మిత్రుని మోటారుసైకిలు మీద చోటు కూడా ఉంది. కానీ రాలేదు. గదిలో ఆదిలాబాద్ జిల్లా నుండి వచ్చిన కుర్రవాడికి ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. మిగతావారు సామాను సర్దుకొంటుంటే అతడు గోడవైపు తిరిగి పడుకొన్నాడట.

“వాణ్ణి వదిలి రాలేను అబ్బా. అయినా ఆ హదీసు మాకు చెప్పింది మీరే కదా” అన్నాడు నా కొడుకు. నేను జవాబు చెప్పలేకపోయాను. కోపం వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

ఆ రాత్రి నిద్ర పట్టక అమ్‌వాస్ మహమ్మారి వృత్తాంతాన్ని మళ్లీ చదివాను. హిజ్రీ 18 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 639లో, సిరియా, పాలస్తీనా ప్రాంతాలను ఆ మహమ్మారి కబళించింది. సిరియాకు బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఈ వార్త విని, సహచరులతో సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) దానిని దైవనిర్ణయం నుండి పారిపోవడంగా భావించి ప్రశ్నించారు. ఒక దైవనిర్ణయం నుండి మరో దైవనిర్ణయం వైపుకే వెళ్తున్నామని హజ్రత్ ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఆ తరువాతనే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్రవక్త (స) వారి నుండి తాము విన్న పై బోధను వినిపించారు. ఇంతవరకు మన ఉపన్యాసాలలో తరచూ వినబడుతుంది.

దాని తరువాతి ఘట్టాన్ని మనం అంతగా చెప్పుకోము. చరిత్రకారులు వ్రాసిన ప్రకారం, హజ్రత్ ఉమర్ (రజి) మదీనా చేరిన పిమ్మట అబూ ఉబైదా (రజి) గారికి లేఖ పంపారు. తమకు ఒక అత్యవసరమైన పని పడిందని, లేఖ అందిన వెంటనే బయలుదేరి రావలసిందని దాని సారాంశం. ఆ పని ఏమిటో అబూ ఉబైదా (రజి) వెంటనే గ్రహించారు. తన సైనికులను విడిచి తాను ఒక్కడినే ప్రాణం కాపాడుకోలేనని వినయంగా జవాబు వ్రాసి అక్కడే ఉండిపోయారు. ఆ మహమ్మారిలోనే మరణించారు. ఆ బోధను స్వయంగా విన్న హజ్రత్ ఉమర్ (రజి) అంతటి వ్యక్తి కూడా తనకు ప్రియమైనవాణ్ణి అక్కడి నుండి బయటకు రప్పించుకోవాలని ప్రయత్నించారు. ఈ భాగాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. ఒక తండ్రిగా చదవడం మాత్రం అదే మొదటిసారి.

ఆదిలాబాద్ కుర్రవాడి జ్వరం నాలుగు రోజులలో తగ్గింది. అది ఏ జ్వరమో ఇప్పటికీ తెలియదు.

ఇక నా సంగతి. నా కొడుకు ఒకరి భవనంలో చిక్కుకొని ఉన్నట్లే, పదిహేడు మంది ఇతరుల కొడుకులు మా మదరసాలో చిక్కుకొని ఉన్నారు. బీహార్, జార్ఖండ్ పిల్లలు. మన మదరసాల విద్యాసంవత్సరం షాబాన్‌లో ముగుస్తుంది, పరీక్షలు వ్రాసి రమజాన్‌కు ఇళ్లకు చేరుకొంటారు. ఏప్రిల్ రెండవ వారానికి టికెట్లు కూడా కొని ఉంచాము. దగ్గరి ఊళ్ల పిల్లలను లాక్‌డౌన్‌కు ముందే పంపివేశాము. వీరు మిగిలిపోయారు. బియ్యం షాబాన్ చివరి వరకే ఉన్నాయి. మదరసా ఏడాది ఖర్చులో అధికభాగం రమజాన్ జకాత్ నుండి వస్తుందని పాఠకులకు తెలుసు. ఆ ఏడాది సఫీర్లు ఇల్లు కదలలేదు, మస్జిదులు తెరుచుకోలేదు. కమిటీలో ఒక సభ్యుడు, ఏదైనా లారీ చూసి వీరిని పంపించేద్దామన్నాడు. అమీర్‌పేట హాస్టలు యజమాని మీద అంతకు ముందురోజే ఆగ్రహించినవాడిని, ఈ మాట విన్నప్పుడు క్షణకాలం మౌనంగా ఉన్నాను. ఆ మౌనం నాకు ఇంకా గుచ్చుకొంటూనే ఉంటుంది. చివరకు పంపలేదు. వీధి చివరి కిరాణా కొట్టు యజమాని అప్పు పద్దు మూసివేయలేదు. దైవం ఆయనకు మేలు చేయుగాక!

మార్చి నెలాఖరున ఢిల్లీ మర్కజ్ వార్తలు వచ్చిన తరువాత పరిస్థితి మరింత కఠినమైంది. పాలు పోసే మనిషి వారం రోజులు మా వైపు రాలేదు. ఎవరో ఫిర్యాదు చేయగా ఆరోగ్య సిబ్బంది వచ్చి పిల్లలను పరీక్షించి వెళ్లారు. వారు మర్యాదగానే మాట్లాడారు. హైదరాబాదులో మావాడిని కూడా పక్కగది వాడొకడు “నువ్వు ఢిల్లీ వెళ్లావా?” అని అడిగాడట. రసాయనశాస్త్రం ప్రాజెక్టు చేసుకొనే పిల్లవాడిని! వాడు ఆ సంగతి నాకు ఏడాది తరువాత గాని చెప్పలేదు.

ప్రతి రాత్రీ మా సంభాషణ ఒకే తీరుగా జరిగేది. “తిన్నావా బేటా?” “తిన్నాను అబ్బా.” “ఆరోగ్యం?” “బాగుంది అబ్బా.” ఫోను వాళ్ల అమ్మీ చేతికి ఇచ్చేవాడిని, అక్కడా అవే మాటలు. మేము తృప్తిగా పడుకొనేవాళ్లం.

అదే సమయంలో ప్రతి శుక్రవారం ఒక బీహారీ తల్లి నాకు ఫోను చేసేది. ఆమె కొడుకుకు పదేళ్లు. “మౌలానా సాహబ్, నా బిడ్డ నిద్రపోతున్నాడా?” అని అడిగేది. తిన్నాడా అని కాదు, నిద్రపోతున్నాడా అని. వాడు రాత్రిపూట దుప్పటి కప్పుకొని ఏడ్చేవాడు. పెద్ద విద్యార్థి ఒకడు వాడి పక్కన పడుకొని దీపం ఆర్పకుండా ఉంచేవాడు. “హాయిగా నిద్రపోతున్నాడమ్మా” అని చెప్పేవాడిని నేను. ఆమె నమ్మలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

రమజాన్ ఏప్రిల్ 25న ప్రారంభమైంది. హాస్టలు వంటగది తాళం యజమాని ఇచ్చాడు కానీ వంటవాడు లేడు. ఆ గదిలో మిగిలినవారు ముగ్గురు: మావాడు, ఆదిలాబాద్ కుర్రవాడు, శ్రీకాకుళం నుండి వచ్చిన మరొకడు. ముగ్గురిలో రోజా ఉండేవాడు ఒక్కడే. శ్రీకాకుళం పిల్లవాడు తెల్లవారుజామున మూడున్నరకు అలారం పెట్టుకొని లేచి గంజి కాచి ఇచ్చేవాడట. మధ్యాహ్నం ఆ ఇద్దరూ నగరపాలక సంస్థ అన్నపూర్ణ కేంద్రం దగ్గర వరుసలో నిలబడేవారు. ఆ రోజులలో అక్కడ ఉచితంగా భోజనం పెట్టారు. మావాడి వంతు కూడా తెచ్చి ఇఫ్తార్ వరకు మూతపెట్టి ఉంచేవారు. దొరకని రోజున బిస్కట్లు, నీళ్లు. తరావీహ్ ఒంటరిగా, తనకు కంఠస్థమైన చిన్న సూరాలతోనే చదివేవాడు.

కేంద్ర హోంశాఖ ఏప్రిల్ 29న వలస కార్మికులు, యాత్రికులతో పాటు విద్యార్థుల ప్రయాణానికి కూడా అనుమతినిచ్చింది. మావాడు మే మూడవ వారంలో వచ్చాడు. మేడ మీది గదిలో పద్నాలుగు రోజులు వేరుగా ఉంచాము. మే 25న పండుగ రోజున వాళ్ల అమ్మీ షీర్ ఖుర్మా గిన్నె గుమ్మం దగ్గర పెట్టి మెట్ల మీద నిలబడింది. వాడు వంగి గిన్నె తీసుకొంటున్నప్పుడు నడుము బెల్టు ఆమె కంటబడింది. దానికి మేకుతో పొడిచిన రెండు కొత్త రంధ్రాలు ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు. కిందికి వచ్చి నాతో, “వాడు తిన్నానన్నది అబద్ధం” అని మాత్రం అన్నది.

పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులకు నాకు తెలిసిన ఒక్క సంగతి చెప్పగలను. “తిన్నావా?” అన్న ప్రశ్నకు బిడ్డ ఒకే జవాబు ఇస్తాడు. “ఈరోజు ఎవరు వండారు? ఏ కూర? పక్క మంచం కుర్రవాడు ఎలా ఉన్నాడు?” అని అడిగి చూడండి. అబద్ధం అల్లడం కష్టమవుతుంది, నిజం చెప్పడం తేలికవుతుంది.

ఇల్లు చేరినంత మాత్రాన చదువు కుదుటపడలేదు. 2017-18 జాతీయ గణాంక సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి వందకు దాదాపు 15 మాత్రమే. పాఠాలేమో ఫోనులోకి వచ్చాయి. మావాడు సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు పక్కన గోనె పరచుకొని కూర్చునేవాడు. రసాయనాలను ఫోనులో ఎలా కలుపుతారో నాకు నేటికీ అర్థం కాలేదు. చివరి ఏడాది పరీక్షలు ఉంటాయో లేదో అన్న వివాదం ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు సాగింది.

దేశం బయట ఉన్నవారి అవస్థ ఇంకొక రకం. మార్చి 17న విమానాలు ఆగినప్పుడు ఫిలిప్పీన్స్ నుండి బయలుదేరిన వైద్యవిద్యార్థులు, వారిలో తెలుగువారు ఎందరో, కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకొన్నారు. తరువాత వారిని ఢిల్లీ, విశాఖపట్నం చేర్చారు. జూలైలో అమెరికా ప్రభుత్వం, తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని ఆదేశించి, హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు కోర్టుకెక్కిన పిమ్మట వారం రోజులకే ఉపసంహరించుకొంది. ఆ వారం రోజులు మన జిల్లాలలో ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో!

మా చెల్లెలి కుమార్తె సంగతి చెప్పకుండా ముగించలేను. హైదరాబాదులోనే బి.ఫార్మసీ రెండవ సంవత్సరం చదువుతూ, ఆ మార్చిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పోలీస్ స్టేషన్ ముందు ఆరు గంటలు నిలబడింది. ఒక దూరపు బంధువు ఇంట్లో తలదాచుకొని, మే నెలలో ఇల్లు చేరింది. కళాశాల తెరిచినప్పుడు మా బావగారు పంపనన్నారు. ఆడపిల్లను మళ్లీ రోడ్డు మీద నిలబెట్టలేనన్నారు. కుటుంబంలో పెద్దవాడినని నన్ను అడిగారు. ఆయన భయం నిజమైనది, ఆ పిల్ల చదువు కూడా నిజమైనది. బంధువుల ఇంట్లో ఉంచి చదివించవచ్చునని నేను గట్టిగా చెప్పి ఉండవలసింది. “మీ ఇష్టం” అన్నాను. ఆమె ఫార్మసీ మానివేసి దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేసింది. ఇంటికి వెళ్లినప్పుడల్లా “మామూ” అంటూ ఎప్పటిలాగే టీ తెచ్చి ఇస్తుంది. ఆ పాత పాఠ్యపుస్తకాలు అలమరాలో పైఅరలో ఉన్నాయి.

ఐదేళ్లు గడచాయి. మావాడు ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆదిలాబాద్ మిత్రుని పెళ్లికి శ్రీకాకుళం మిత్రుడితో కలిసి వెళ్లివచ్చాడు. మదరసాలో ఇప్పుడు షాబాన్ తరువాత రెండు నెలలకు సరిపడా బియ్యం విడిగా నిల్వ ఉంచుతున్నాము. కమిటీలో దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ పదిహేడు మందిని పండుగ తరువాత శ్రామిక్ రైలులో పంపాము. మదరసా తిరిగి తెరిచినప్పుడు వారిలో పదకొండు మంది వచ్చారు. రాత్రిళ్లు ఏడ్చిన ఆ పిల్లవాడు కూడా వచ్చాడు. వాళ్ల అమ్మ ఒక సంచి సత్తు పిండి ఇచ్చి పంపింది. వాడికిప్పుడు పదిహేనేళ్లు, హిఫ్జ్ పూర్తి కావచ్చింది. పడుకొనేటప్పుడు దీపం మాత్రం ఆర్పనివ్వడు. మేము కూడా ఆర్పడం లేదు.