బ్యాటరీ నిండే కాలం

బ్యాటరీని నింపడానికి ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న, తిరిగి నింపుకోగల తొలి బ్యాటరీతో పాటే పుట్టింది. 1859లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, మధ్య తెర ఉంచి చుట్టగా చుట్టి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచినప్పుడు, వాటిలోకి పంపిన విద్యుత్తు తర్వాత తిరిగి వెలికి రావడం కనిపించింది. అయితే నునుపైన సీసపు రేకుకు విద్యుత్తును నిలుపుకొనే గుణం వెంటనే అబ్బదు కనుక, దాని పైపొర గుల్లబారి రసాయన చర్యకు అనువుగా మారేదాకా నింపడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం అనే క్రమాన్ని నెలల తరబడి సాగించవలసి వచ్చేది. పైగా వాడకానికి తగిన డైనమోలు ఇంకా రాని కాలమది కాబట్టి, జింకును హరిస్తూ పనిచేసే ఇతర ఘటాల నుంచే ఈ బ్యాటరీని నింపాలి.

ఆ జాప్యాన్ని తగ్గించినవాడు కామిల్ ఫోర్. సీసపు ఆక్సైడును ఆమ్లంతో ముద్దచేసి పలకలకు పూసే ఆయన పద్ధతి 1881 నాటికి ప్రచారంలోకి వచ్చింది. ఆ ఏడాదే పారిస్‌లో నింపిన ఫోర్ బ్యాటరీల పెట్టె ఒకటి గ్లాస్గోలోని విలియం థామ్సన్ వద్దకు చేరింది. తర్వాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన ఆ శాస్త్రవేత్త, అందులో ఎంత శక్తి నిలిచి ఉందో కొలిచాడు. విద్యుత్తు అప్పటి నుంచి ఒక ఊరిలో నింపి మరొక ఊరిలో వాడుకోగల సరుకైంది. సరుకైనది ఏదైనా లెక్కకు లొంగాలి.

ఆ లెక్కకు ఆధారాన్ని మైకేల్ ఫారడే 1830లలోనే సమకూర్చి ఉంచాడు. విద్యుత్తు వల్ల జరిగే రసాయన మార్పు, ప్రవహించిన విద్యుత్తు పరిమాణానికి అనుపాతంలో ఉంటుందన్నది ఆయన నియమం. ఒక ఆంపియరు ప్రవాహం ఒక గంటసేపు సాగితే దాటిపోయే విద్యుత్తును ఆంపియర్-గంట అంటారు; అంత విద్యుత్తు వెలువడాలంటే సీసపు బ్యాటరీలోని ప్రతి ఘటంలో ఋణ పలక మీద సుమారు 3.9 గ్రాముల సీసం, ధన పలక మీద సుమారు 4.5 గ్రాముల సీసపు డైఆక్సైడు సీసపు సల్ఫేటుగా మారాలి. రెండు పలకల మీదా సల్ఫేటే ఏర్పడుతుందని గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1882లో వివరించారు. నింపడమంటే ఆ సల్ఫేటును కరిగించి పూర్వరూపాలకు మరల్చడమే. కాలం అంచనాలోని చిక్కులన్నీ ఆ కరగడంలోనే ఉన్నాయి.

తెలుగువారి ఇళ్లలో ఇన్వర్టర్‌కు తగిలించే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీని తీసుకుంటే, 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదన్నది సాధారణంగా ఆ 150 అంకెకు అర్థం. ప్రవాహం హెచ్చితే అందే మొత్తం తగ్గుతుందని, అది ఏ సూత్రం ప్రకారం తగ్గుతుందో 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ చూపాడు. కనుక ఫ్యాన్లూ దీపాలూ కలిసి 30 ఆంపియర్లు లాగి బ్యాటరీని అలసిపోయేలా చేసినా, తిరిగి పోయవలసింది అప్పటికి తీసిన విద్యుత్తునే తప్ప, పెట్టె మీద అచ్చువేసిన 150ని కాదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే చాలా అంచనాలు మొదట్లోనే దారి తప్పుతాయి.

తీసినది 75 ఆంపియర్-గంటలనీ, ఛార్జర్ 15 ఆంపియర్లు ఇస్తుందనీ అనుకుంటే భాగహారం ఐదు గంటలని చెబుతుంది. కానీ పంపిన విద్యుత్తులో కొంత భాగం సల్ఫేటును మార్చకుండా నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టడానికి ఖర్చవుతుంది. బ్యాటరీలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయవలసి రావడానికి ముఖ్యకారణం ఇదే. అందుచేత తీసినదానికి ఐదో వంతు దాకా కలిపి, సుమారు 90 ఆంపియర్-గంటలు పంపాలనుకుంటే కాలం ఆరు గంటలవుతుంది. అదీ చాలదు. ఎండిన చేను తొలితడిని గబగబా తాగి, తడిసేకొద్దీ నిదానించినట్లు, మిగిలిన సల్ఫేటు తగ్గేకొద్దీ పలకలు విద్యుత్తును స్వీకరించే వేగం పడిపోతుంది. ఘటానికి 2.4 వోల్టులు, అంటే ఆరు ఘటాల బ్యాటరీకి 14.4 వోల్టులు చేరాక ఛార్జర్ వోల్టేజిని అక్కడే నిలిపి, ప్రవాహాన్ని క్రమంగా తగ్గనిస్తుంది కనుక, ఆరు గంటలన్నది ఎనిమిది గంటలో, ఇంకా పైనో అవుతుంది.

ఈ మందగింపుకు ఇంజనీర్లు ఒక హద్దును సూత్రీకరించారు: ఆంపియర్లలో కొలిచిన ప్రవాహం, ఆంపియర్-గంటలలో కొలిచిన వెలితిని మించరాదు. వెలితి 100 అయితే ప్రవాహాన్ని 100 ఆంపియర్లతో ఆరంభించి, వెలితితో పాటే తగ్గిస్తూ పోవాలి. గణితం ప్రకారం మొదటి గంట చివర 37, రెండో గంట చివర సుమారు 14, మూడో గంట చివర 5 ఆంపియర్-గంటల వెలితి మిగులుతుంది. ఎంత పెద్ద ఛార్జర్ కొన్నా చివరి కొద్ది భాగం తొందరపడదన్న అనుభవసత్యానికి ఇంతకంటే స్పష్టమైన రూపం దొరకదు. ఇక బ్యాటరీని చాలాకాలం ఖాళీగా వదిలివేస్తే సల్ఫేటు ముతక స్ఫటికాలుగా గట్టిపడి సరిగా కరగదు. సల్ఫేషన్ అనే ఈ స్థితిలో వోల్టేజి త్వరగా పెరిగి నిండినట్లు భ్రమ కలిగిస్తుంది. అలాంటప్పుడు ఆమ్లం సాంద్రతను హైడ్రోమీటరుతో చూసుకోవడమే నమ్మకమైన మార్గం, ఎందుకంటే నిండినప్పుడు 1.28 దరిదాపుల్లో ఉండే వాహన బ్యాటరీ ఆమ్ల సాంద్రత ఖాళీ అయ్యేసరికి సుమారు 1.12కి దిగుతుంది.

ఈ జ్ఞానాన్ని యంత్రంలో పొదిగిన తొలి ప్రయత్నాలలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన సంగామో సంస్థ ఆంపియర్-గంటల మీటరు ఎన్నదగినది. 20వ శతాబ్ది తొలి దశకాలలో విద్యుత్ కార్లకు అమర్చిన ఈ మీటరులో, పాదరసంలో మునిగిన బిళ్ల ప్రవాహానికి తగిన వేగంతో తిరుగుతూ ముల్లును నడిపేది. నింపేటప్పుడు నష్టానికి సరిపడా అది కావాలనే నెమ్మదిగా వెనక్కి తిరిగేలా ఏర్పాటు ఉండేది. ముల్లు సున్నాకు చేరగానే ఛార్జింగ్‌ను ఆపే వీలు కూడా కల్పించారు. చేతిలోని ఫోనులో శాతాన్ని లెక్కగట్టే చిన్న చిప్పుకు ఈ మీటరే పూర్వజురాలనడం అతిశయోక్తి కాదు.

1991లో సోనీ సంస్థ విపణిలోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీలో వృథా చాలా తక్కువ. పంపిన ఆంపియర్-గంటలలో 99 శాతానికి పైగా తిరిగి వస్తాయి. అయినా చివర నెమ్మదించడం తప్పలేదు. లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్యకు చేరే వేగాన్ని మించి విద్యుత్తును నెడితే, లిథియం లోహమై పైన పేరుకొని బ్యాటరీని దెబ్బతీస్తుంది. అందుకని సాధారణంగా ఘటం 4.2 వోల్టులకు చేరేదాకా స్థిర ప్రవాహంతోనూ, ఆపైన స్థిర వోల్టేజితోనూ నింపుతారు. 5000 మిల్లీఆంపియర్-గంటల ఫోను బ్యాటరీని సగటు వోల్టేజి 3.85తో గుణిస్తే సుమారు 19 వాట్-గంటల శక్తి వస్తుంది. 18 వాట్ల ఛార్జర్‌తో గంట దాటగానే నిండాలనిపించినా, వేడిగా పోయే శక్తి వల్లా, చివరి నిదానం వల్లా తరచు గంటన్నర దాటుతుంది. విద్యుత్ వాహనాల ప్రకటనలు 10 నుంచి 80 శాతం వరకే కాలాన్ని చెప్పడంలోని కిటుకు ఇదే; పూర్తిగా నిండే కాలాన్ని కూడా ముద్రించడం కొనేవారి పట్ల న్యాయం. వేడి మరొక అడ్డు: సాధారణ లిథియం ఘటాలను నింపడానికి 45 డిగ్రీల సెల్సియస్ పైహద్దుగా పెట్టుకుంటారు కనుక, మే నెల ఎండలో రామగుండంలోనో, రెంటచింతలలోనో నిలిపిన వాహనం ఛార్జింగ్ వేగాన్ని తానే తగ్గించుకోవచ్చు.

చిప్పు చేసే లెక్క, ఒక సన్నని నిరోధకం మీద ఏర్పడే వోల్టేజి నుంచి ప్రవాహాన్ని గ్రహించి, కాలంతో కూడుతూ పోవడమే. అందులోని అతిస్వల్ప దోషమూ రోజుల తరబడి పేరుకుంటుంది. విశ్రాంతిలో ఉన్న ఘటం వోల్టేజిని బట్టి చాలా రకాలలో దాన్ని దిద్దుకోవచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఘటాలలో మాత్రం వోల్టేజి 20 నుంచి 80 శాతం దాకా 3.3 దరిదాపుల్లోనే ఉండిపోతుంది కనుక ఆ ఆధారం దొరకదు. ఈ రకం బ్యాటరీలున్న వాహనాన్ని అప్పుడప్పుడు నూరు శాతం వరకు నింపమని కొందరు తయారీదారులు సూచించడానికి ఇదొక కారణం: ఆ కొసలో వోల్టేజి ఒక్కసారిగా పైకి లేచినప్పుడే చిప్పు తన కూడికను సరిచేసుకొని, మరుసటి ఛార్జింగ్‌కు పట్టే నిమిషాలను సరిగా చెప్పగలుగుతుంది.