పంపుడు ఆపినమా, పంపనీకి ఆగినమా? ఆఫీస్ మెయిల్స్‌లో వెర్బ్ తర్వాత ఏం రావాలి?

ఈరోజు టాపిక్ ఆఫీస్ మెయిల్స్‌లో ఇంగ్లిష్. గ్రామర్ క్లాస్ అనుకొని స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. ఈరోజు ఒక్క విషయమే చెప్తా. దాన్ని పట్టుకుంటే మెయిల్ రాసేటప్పుడు మనకు వచ్చే భయంలో సగం పోతుంది.

ముందు నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్తా.

నాది నర్మెట్ట. జనగామ జిల్లా. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఫస్ట్ జాబ్. కంపెనీ పేరు వద్దులెండి. మా ప్రాజెక్ట్‌లో ఒక సిస్టమ్ ఉండేది. కస్టమర్ బిల్లు కట్టగానే ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఒక రాత్రి ఏదో తప్పు జరిగి ఒక్కొక్కళ్లకు అదే మెసేజ్ మూడేసి సార్లు పోతోంది. డ్యూటీలో ఉన్నది నేనే. చూశా, ఆ ప్రోగ్రామ్‌ను ఆపేశా. విదేశంలో ఉన్న క్లయింట్‌కు మెయిల్ కొట్టా. మంచి పని చేసిన అనుకొని పడుకున్నా.

నేను రాసింది ఇదీ: "వియ్ హ్యావ్ స్టాప్డ్ టు సెండ్ ద డూప్లికేట్ మెసేజెస్."

రాత్రి రెండు గంటలకు మా టీమ్ లీడ్‌కు క్లయింట్ ఫోన్ చేసిండట. "డూప్లికేట్ మెసేజ్‌లు పంపడానికి మిగతా పనులు ఆపారా? అసలు మీరేం చేస్తున్నారు?" అని. పాపం ఆ అన్న నిద్రలోంచి లేచి, సిస్టమ్ ఓపెన్ చేసి, అంతా ఆగిపోయే ఉందని చూసి, క్లయింట్‌కు సర్దిచెప్పి పడుకునేసరికి తెల్లారింది.

పొద్దున నన్ను పక్కకు పిలిచిండు. తిట్టలేదు. "రాత్రి ఏం చేసినవ్, తెలుగులో చెప్పు" అన్నడు.

"మెసేజ్‌లు పంపుడు ఆపిన అన్నా."

"మరి మెయిల్‌ల ఏం రాసినవ్? మెసేజ్‌లు పంపనీకి ఆగినం అని రాసినవ్."

అప్పుడు నాకు బల్బు వెలిగింది. మన తెలుగులోనే ఈ తేడా ఉంది! "పంపుడు ఆపినం" వేరు, "పంపనీకి ఆగినం" వేరు. పుస్తకాల భాషలో అయితే "పంపడం ఆపాం", "పంపడానికి ఆగాం". చిన్న పిల్లలు కూడా దీంట్లో తప్పు చేయరు. మరి ఇంగ్లిష్‌లో నేను ఎందుకు చేశా? "స్టాప్ అంటే ఆపడం" అని ఒక్క మాటే నేర్చుకున్నా కాబట్టి. దాని వెనక ఏం వస్తే ఏం అర్థమో నేర్చుకోలేదు.

ఇదే ఈరోజు నేను చెప్పాలనుకున్న ఒక్క విషయం. ఇంగ్లిష్ వెర్బ్‌ను ఒంటరిగా నేర్చుకోవద్దు. దాని తోకతో కలిపి నేర్చుకోవాలి.

తోక అంటే ఏంటి? వెర్బ్ తర్వాత వచ్చేది. "టు సెండ్" అని వస్తుందా, "సెండింగ్" అని వస్తుందా, మధ్యలో మనిషి వస్తాడా, "అబౌట్" కావాలా వద్దా. దీన్నే వెర్బ్ ప్యాటర్న్ అంటారు. తెలుగులో ఎవరికి, ఎవరితో, దేని గురించి అనే సమాచారం ఎక్కువగా పేరు వెనక అతుక్కుంటుంది. మేనేజర్‌కి, మేనేజర్‌తో, మేనేజర్ గురించి. ఇంగ్లిష్‌లో ఆ పెత్తనమంతా వెర్బ్‌ది. ఏ వెర్బ్‌కు ఏ తోక అనేది ఆ వెర్బ్ ఇష్టం. మనం తెలుగులో ఆలోచించి "కి" కనిపించిన ప్రతి చోటా "టు" పెడతాం, "గురించి" కనిపించిన ప్రతి చోటా "అబౌట్" పెడతాం. దొరికిపోయేది అక్కడే.

ఈ తిప్పలు మనకొక్కళ్లకే కాదు. ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ అనే ఇంగ్లిష్ టీచర్ 1924లో జపాన్ వెళ్లి పాఠాలు చెప్పాడు. జపనీస్ కూడా ఈ విషయంలో తెలుగు లాంటిదే. క్రియ వాక్యం చివర వస్తుంది, మన "కి", "ని" లాంటివి పేరు వెనక వస్తాయి. మాటకు అర్థం చెప్తే సరిపోదు, ఆ మాటను వాక్యంలో ఎలా వాడాలో కూడా డిక్షనరీలోనే చూపించాలని హార్న్‌బీ, ఆయన తోటివాళ్లు కలిసి ఒక డిక్షనరీ తయారు చేశారు. అది 1942లో టోక్యోలో వచ్చింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని మళ్లీ వేశారు. ఇప్పుడు మనం ఫోన్‌లో చూసే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. 1954లో హార్న్‌బీ ఇంకో పుస్తకంలో వెర్బ్ ప్యాటర్న్స్‌ను 25 రకాలుగా విడగొట్టి చూపించాడు. ఆ 25 మనకు అక్కర్లేదు. ఆఫీస్ మెయిల్‌కు నాలుగు గుంపులు చాలు.

మొదటి గుంపు: తోక మారితే అర్థం మారేవి. ఇవి చాలా డేంజర్, ఎందుకంటే గ్రామర్ తప్పు కనిపించదు. స్పెల్ చెకర్ కూడా ఊరుకుంటుంది.

స్టాప్ సంగతి చూశాం. "స్టాప్డ్ సెండింగ్" అంటే పంపుడు ఆపినం. "స్టాప్డ్ టు సెండ్" అంటే పంపనీకి ఆగినం.

రిమెంబర్: "ఐ రిమెంబర్ సెండింగ్ ద ఫైల్" అంటే ఫైల్ పంపినట్టు గుర్తుంది. "ప్లీజ్ రిమెంబర్ టు సెండ్ ద ఫైల్" అంటే పంపాలని గుర్తుపెట్టుకో.

ఫర్గెట్: "సారీ, ఐ ఫర్గాట్ టు అటాచ్ ద ఫైల్." ఇది మనందరం వారానికొకసారి రాసే మెయిల్. ఇక్కడ "అటాచింగ్" అని రాస్తే, అటాచ్ చేసిన సంగతే మర్చిపోయిన అని అర్థం వస్తుంది.

రిగ్రెట్: "వియ్ రిగ్రెట్ టు ఇన్ఫామ్ యు" అని కంపెనీల నుంచి మెయిల్ వస్తే ఏంటో మనకు బాగా తెలుసు! చెప్పడానికి బాధగా ఉంది కానీ చెప్తున్నాం అని. అదే "వియ్ రిగ్రెట్ ఇన్ఫామింగ్ యు" అంటే మీకు చెప్పి తప్పు చేశాం అని.

గమనించారా? ఈ నాలుగింటిలో "ఇంగ్" తోక అయిపోయిన పని వైపు, జరుగుతూ ఉన్న పని వైపు చూస్తుంది. "టు" తోక ఇంకా చేయాల్సిన పని వైపు చూస్తుంది. కానీ ఈ రూల్‌ను అన్ని వెర్బ్స్‌కూ అంటించొద్దు. ఈ నాలుగింటికి గుర్తుపెట్టుకోండి, చాలు.

రెండో గుంపు: మధ్యలో మనిషి వచ్చేవి. ఆస్క్, రిక్వెస్ట్, రిమైండ్, అలవ్, అడ్వైజ్. వీటికి మనిషి, ఆ తర్వాత "టు". "ఐ రిక్వెస్ట్ యు టు అప్రూవ్ మై లీవ్." "ప్లీజ్ రిమైండ్ హిమ్ టు కాల్."

వీటిని చూసి మనం "సజెస్ట్" కూడా ఇదే గుంపు అనుకుంటాం. "ప్లీజ్ సజెస్ట్ మి టు డూ", "ఐ సజెస్ట్ యు టు వెయిట్" అని రాస్తాం. సజెస్ట్‌కు ఈ తోక లేదు. "ఐ సజెస్ట్ వెయిటింగ్" లేదా "ఐ సజెస్ట్ దట్ వియ్ వెయిట్" అనాలి.

మూడో గుంపు: "కి" గొడవ. తెలుగులో టీమ్‌కి చెప్పాను, మేనేజర్‌కి వివరించాను, కస్టమర్‌కి ఫోన్ చేశాను. అన్నింటికీ "కి"నే. ఇంగ్లిష్‌లో టెల్, ఇన్ఫామ్, కాల్, కాంటాక్ట్ తర్వాత నేరుగా మనిషే వస్తాడు, "టు" ఉండదు. "ఐ ఇన్ఫామ్డ్ ద టీమ్." ఎక్స్‌ప్లెయిన్, రిప్లై మాత్రం "టు" అడుగుతాయి. "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ద ఇష్యూ టు మి." "ఎక్స్‌ప్లెయిన్ మి" కాదు.

నాలుగో గుంపు: "గురించి" గొడవ. డిస్కస్, మెన్షన్ అనే వెర్బ్స్‌లోనే "గురించి" ఉంది. మళ్లీ "అబౌట్" పెడితే అన్నంలో అన్నం కలుపుకున్నట్టు. "వియ్ డిస్కస్డ్ ద ఇష్యూ" చాలు.

ఇంకొక్కటి, అందరినీ తికమక పెట్టేది. "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు." "టు" ఉంది కదా, మరి "హియర్" అని రావాలి కదా అనిపిస్తుంది. దీనికో చిన్న టెస్ట్ ఉంది. "టు" తర్వాత ఒక వస్తువు పేరో, సందర్భం పేరో పెట్టి చూడండి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్." కుదిరింది. కుదిరితే అక్కడ వెర్బ్‌కు "ఇంగ్" కావాలి. "ఐ వాంట్ టు ద మీటింగ్" కుదరదు, కాబట్టి "వాంట్ టు గో".

ఇప్పుడు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ తప్పులన్నీ సమానం కాదు. "డిస్కస్ అబౌట్" అని రాస్తే మన దేశంలో ఏ ఆఫీస్‌లో అయినా అర్థమవుతుంది, పని ఆగదు. సరిచేసుకుంటే మంచిది, చేసుకోకపోయినా కొంప మునగదు. కానీ "స్టాప్డ్ టు సెండ్" లాంటిది అర్థాన్నే తిప్పేస్తుంది. ముందు మొదటి గుంపును బాగు చేసుకోండి. మిగతావి మెల్లగా వస్తాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తప్పు రాయడం కంటే పెద్ద నష్టం అసలు రాయకపోవడం. పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు మా చెల్లె ఫోన్ పట్టుకొని ఒక మూలకు కూర్చుంది. ఇంటర్వ్యూకు మెయిల్ వచ్చింది. అదే రోజు డిగ్రీ ఎగ్జామ్, కాకతీయ యూనివర్సిటీది. డేట్ మార్చమని సాయంత్రం ఐదులోపు మెయిల్ పెట్టాలి. టైప్ చేస్తుంది, చెరిపేస్తుంది. మళ్లీ టైప్ చేస్తుంది, చెరిపేస్తుంది. "తప్పు రాస్తే నవ్వుతరన్నా, వద్దుతీ, ఇంటర్వ్యూ వదిలేస్త" అంది. టైమ్ నాలుగున్నర.

ఇద్దరం కూర్చొని నాలుగు వాక్యాలు రాశాం:

"థాంక్ యు ఫర్ ఇన్వైటింగ్ మి టు ద ఇంటర్వ్యూ ఆన్ మండే. ఐ హ్యావ్ ఎ యూనివర్సిటీ ఎగ్జామ్ ఆన్ ద సేమ్ డే. కుడ్ యు ప్లీజ్ అలవ్ మి టు అటెండ్ ఆన్ ట్యూస్‌డే? ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు."

దీంట్లో పెద్ద మాటలు ఒక్కటి కూడా లేవు. మూడు తోకలు ఉన్నాయి అంతే. థాంక్ తర్వాత మనిషి, "ఫర్", "ఇంగ్". అలవ్ తర్వాత మనిషి, "టు". లుక్ ఫార్వర్డ్ టు తర్వాత "ఇంగ్". మీరు కంపెనీ పేరు, రోజు మార్చుకొని ఇదే వాడుకోవచ్చు.

మరుసటి రోజు రిప్లై వచ్చింది, డేట్ మార్చారు. జాబ్ వచ్చిందా అంటే, ఆసారి రాలేదు. కానీ ఆ తర్వాత ఇంకో రెండు కంపెనీలకు తనే మెయిల్ పెట్టుకుంది, నన్ను అడగలేదు. నాకు అదే మస్తు ఖుషీ.

"ఇప్పుడు ఏఐ యాప్స్ రాసిస్తున్నాయి కదా, ఇవన్నీ ఎందుకు?" అంటారా? వాడండి, నేనూ వాడతా. కానీ ఆ రాత్రి నేను పంపుడు ఆపిననో, పంపనీకి ఆగిననో యాప్‌కు ఎలా తెలుస్తుంది? నేను తప్పు వాక్యం ఇస్తే, అది ఆ తప్పు అర్థాన్నే అందంగా రాసిచ్చే ప్రమాదం ఉంది. సెండ్ నొక్కే ముందు చదివి చూసుకోవాల్సింది మనమే. మెయిల్ కింద ఉండేది మన పేరే.

హోంవర్క్ చిన్నదే. ఫోన్‌లో నోట్స్ తీసి, మీరు మెయిల్స్‌లో ఎక్కువగా వాడే పది వెర్బ్స్ రాయండి. ఒక్కొక్కటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైట్‌లో కొట్టండి, ఫ్రీనే. అర్థం దగ్గర ఆగకండి, కింద ఉదాహరణల్లో ఆ వెర్బ్ తర్వాత ఏముందో చూడండి. ఆ తోకతో కలిపి మీ సొంత పనికి సంబంధించిన ఒక వాక్యం రాసుకోండి. రోజుకు ఒక్కటి, పది రోజులు.

పంపాల్సిన మెయిల్ ఏదైనా డ్రాఫ్ట్స్‌లో పడి ఉంటే, ఈరోజే తీసి, ఒకసారి తోకలు చూసుకొని పంపేయండి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.