పంజాగుట్ట ఎత్తు నుంచి మిగ్ లా దాకా: సైకిల్ ఎక్కిన కొండలు

పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ కోసం ఆగిన సైకిల్ అప్పటికే సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉన్నట్టే. హైదరాబాద్ సగటున 540 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్ కూడా ఇంచుమించు ఇదే ఎత్తులో ఉంది. కొండల మీద సైకిల్ యాత్రలకు పుట్టిల్లు లాంటి ఊరది. వెలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ (1853–1930) అక్కడ ఉంటూనే గేర్ల సైకిల్ కోసం జీవితమంతా ప్రచారం చేశాడు. ఊరి బయట 1,161 మీటర్ల ఎత్తున ఉన్న రిపబ్లిక్ కనుమ ఆయన ప్రయోగశాల. 1903లో మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ పందెం దాటింది కూడా ఆ కనుమనే. 1922 నుంచి ఆయన పేరిట ఏటా ఆ కొండ మీదికి సైకిళ్లు ఎక్కుతూనే ఉన్నాయి.

ఊరి నుంచి ఆ కనుమకు పెరిగే ఎత్తు 650 మీటర్లకు అటూ ఇటూ. తిరుపతి నుంచి తిరుమలకు పెరిగేది దాదాపు 700 మీటర్లు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లూ ఎక్కిన ప్రతి తెలుగువాడి మోకాలికీ వెలోసియో కొండ ఎంతదో తెలిసినట్టే. కొండదారుల రికార్డులు చదివేటప్పుడు ఈ కొలతనే దగ్గర పెట్టుకోవాలని నా గట్టి నమ్మకం. ఆ చోటు ఎంత ఎత్తున ఉందన్నది ఒక లెక్క. సైకిల్ మొదలైన చోటి నుంచి ఎంత పైకి ఎక్కిందన్నది వేరే లెక్క. తొక్కేవాడి కష్టాన్ని చెప్పేది ఈ రెండోదే.

బోర్డు మీది అంకెలు

మొదటి లెక్కలో మన దేశానిదే పైచేయి. లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ మీద 18,380 అడుగులని బోర్డు ఏళ్ల తరబడి నిలబడింది. వేలమంది దాని పక్కన ఫొటోలు దిగారు. తర్వాత జీపీఎస్‌తో కొలిస్తే తేలిన అసలు ఎత్తు 17,582 అడుగులు, అంటే 5,359 మీటర్లు. దాదాపు ఎనిమిది వందల అడుగులు తగ్గిపోయాయి. అయినా అది ఎక్కినవాళ్ల ఘనత ఒక్క అడుగు కూడా తగ్గలేదు. ఆ తర్వాత సరిహద్దు రహదారుల సంస్థ ఉమ్లింగ్ లా మీదుగా 19,024 అడుగుల (5,799 మీటర్లు) ఎత్తున రోడ్డు వేసి 2021లో గిన్నిస్ రికార్డు అందుకుంది. 2025 అక్టోబరులో అదే సంస్థ మిగ్ లా దగ్గర 19,400 అడుగులకు చేరి తన రికార్డును తానే దాటింది. ఐరోపాలో తారు రోడ్డు వెళ్లే అత్యంత ఎత్తైన చోటు స్పెయిన్‌లోని పికో వెలెటా, 3,400 మీటర్లకు కాస్త తక్కువ. మన లేహ్ పట్టణమే అంతకన్నా ఎత్తులో ఉంది.

రెండో లెక్కకు వస్తే వరస మారిపోతుంది. లేహ్ నుంచి ఖార్దుంగ్ లాకు సుమారు 40 కిలోమీటర్లలో పెరిగే ఎత్తు 1,850 మీటర్లు. మనాలీ నుంచి రోహ్‌తంగ్‌కు (3,978 మీటర్లు) సుమారు 50 కిలోమీటర్లలో 1,900 మీటర్లు పెరుగుతుంది. కాళ్లకు రెండూ ఒకటే బరువు. తేడా అంతా ఊపిరితిత్తులకే, ఎందుకంటే ఖార్దుంగ్ లా మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. తైవాన్‌లో ఏటా జరిగే ఒక పందెం ఈ రెండింటినీ మించినది. హువాలియెన్ దగ్గర సముద్రపు ఒడ్డున మొదలై 105 కిలోమీటర్లలో 3,275 మీటర్ల వూలింగ్ కనుమకు చేరుతుంది. 2017లో ఇటలీ సైకిలిస్టు విన్సెంజో నిబాలి దాన్ని 3 గంటల 19 నిమిషాల 54 సెకన్లలో ముగించాడు.

మన దగ్గరా సముద్రం నుంచి కొండకు ఎక్కే దారి ఉంది. విశాఖ తీరం నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు. ఆ కొండల్లో రైలు సైతం సిమిలిగూడ స్టేషన్ దగ్గర 996 మీటర్లకు ఎక్కుతుంది. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా చాలాకాలం దానికే పేరు. ప్రపంచమంతా చెప్పుకునే ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయెజ్ ఎక్కుడు మొత్తం 1,100 మీటర్లే. వాళ్లు దాన్ని 14 కిలోమీటర్లలోపే ఎక్కిస్తారు, మనం వంద దాటిన దారిలో ఎక్కుతాం. అందుకే అది వాలులో కఠినం, మనది ఓపికలో. అరకు రోడ్డుకు సైకిల్ లోకంలో రావలసినంత పేరు రాలేదని నాకు నిజంగా బాధ.

వెయ్యి మీటర్లకు ఎన్ని ఇడ్లీలు?

మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. ఆ బరువును 1,000 మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన పని భౌతికశాస్త్రం ప్రకారం 981 కిలోజౌళ్లు. మన కండరాలు తిన్న తిండిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేవు, మిగిలింది వేడిగా పోతుంది. కాబట్టి వెయ్యి మీటర్ల ఎక్కుడుకు దాదాపు వెయ్యి కిలో కేలరీలు ఖర్చు. ఇడ్లీకి అరవై వేసుకుంటే పదహారు, పదిహేడు ఇడ్లీలు. అమీర్‌పేటలో పొద్దున్నే ఒక ప్లేటు తిని ఘాట్ ఎక్కేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

ఎంత ఎక్కాలన్నది మారదు. ఎంత మెల్లగా ఎక్కవచ్చన్నది గేర్ల చేతిలో ఉంది. మన పాతకాలపు సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి ఐదు మీటర్లకు పైగా ముందుకు దూకుతుంది. చదునులో అది హాయి, ఘాట్‌లో శిక్ష. యాత్రల కోసం చేసిన సైకిల్‌లో ముందు 22, వెనక 34 పళ్ల గేరు వేస్తే అదే చుట్టుకు మీటరున్నర కూడా కదలదు. వేగం నడకంత, కానీ మోకాళ్లు బతుకుతాయి. గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చే డెరైలర్ గేర్లు ఇంత మేలు చేసేవైనా, వాటిని టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్లకు 1937 దాకా అనుమతించలేదు.

గేర్లు లేకుండా కనుమలు దాటినవాళ్లలో నేను అందరికంటే ముందు తలచుకునేది ఐర్లండ్ మహిళ డెర్వ్లా మర్ఫీని. 1963 జనవరిలో ఒంటరిగా సైకిల్ మీద భారతదేశానికి బయలుదేరింది. ఆసియా రోడ్ల దెబ్బకు తట్టుకోవన్న ఉద్దేశంతో ఉన్న మూడు గేర్లనూ ముందే పీకించింది. 4,173 మీటర్ల బాబూసర్ కనుమను మంచులో దాటి ఢిల్లీ చేరింది. స్వీడన్‌కు చెందిన గోరన్ క్రోప్‌ది మరో రకం పట్టుదల. 1995 అక్టోబరులో స్టాక్‌హోమ్ నుంచి వంద కిలోలు మించిన సామానుతో సైకిల్ తొక్కుతూ నేపాల్ చేరాడు. 1996 మే 23న ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎవరెస్ట్ ఎక్కాడు. తిరిగి ఇంటికీ సైకిల్ మీదే బయలుదేరాడు.

మలుపులు

హెయిర్‌పిన్ మలుపుల పట్టికలో దక్షిణాది ముందుంది. తమిళనాడు కొల్లి కొండల దారిలో 70. ఇటలీలో పేరుమోసిన స్టెల్వియో కనుమకు ప్రాటో వైపు నుంచి 48. వాల్‌పారైకి 40. మసినగుడి నుంచి ఊటీ వైపు ఎక్కే కల్హట్టి ఘాట్‌లో 36. 2008 నుంచి జరుగుతున్న టూర్ ఆఫ్ నీలగిరీస్ సైకిల్ యాత్రలో అందరూ భయపడేది దానికే. మనాలీ–లేహ్ దారిలోని గాటా లూప్స్‌లోనూ, ఆల్ప్ దుయెజ్‌లోనూ సరిగ్గా 21 చొప్పున.

ఊళ్లోనే ఎవరెస్ట్

కొండలు దూరమని వదిలేయనక్కర్లేదు. ఒకే ఎక్కుడును మళ్లీ మళ్లీ ఎక్కి దిగుతూ, ఎక్కిన ఎత్తు మొత్తం 8,848 మీటర్లయ్యే దాకా నిద్రపోకుండా తొక్కడాన్ని ఎవరెస్టింగ్ అంటారు. 1994లో జార్జ్ మల్లరీ ఆస్ట్రేలియాలోని డోనా బువాంగ్ కొండ మీద దీన్ని చేశాడు. ఇతను ఎవరెస్ట్ మీద 1924లో ప్రాణాలు వదిలిన, అదే పేరున్న జార్జ్ మల్లరీకి మనవడు. ఐర్లండ్ వాసి రోనన్ మెక్‌లాక్లిన్ 2021లో 6 గంటల 40 నిమిషాల 54 సెకన్లలో పూర్తిచేశాడు. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు రోడ్లన్నీ ఎక్కుడే. ఒకసారికి 50 మీటర్లు పెరిగే ఎక్కుడు దొరికితే 177 సార్లు ఎక్కాలి. పగటి ట్రాఫిక్‌లో అసాధ్యం, రాత్రి ఒక్కటే అవకాశం. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ చదునులో కాలు కుదురుకోవడానికి ఎంతో మంచిది. ఎక్కుడు మాత్రం రోడ్డు మీదే నేర్చుకోవాలి.

హైదరాబాద్ ఈ పట్టికలకు ఇచ్చిన గొప్ప పేరు ఆదిత్య మెహతా. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు తెచ్చారు. తర్వాత తన పేరిట ఫౌండేషన్ పెట్టి వికలాంగులను సైకిలిస్టులుగా తీర్చిదిద్దుతున్నారు. ఆ బృందం 2020 నవంబరులో శ్రీనగర్‌లో బయలుదేరి పీర్ పంజాల్ కొండలు దాటి డిసెంబరు చివరికి కన్యాకుమారి చేరింది. రెండు కాళ్లున్నవాళ్లకు ఒక కాలు కిందికి నొక్కుతుంటే రెండోది తేలికపడుతుంది. ఒంటి కాలివాళ్లు నొక్కిన కాలితోనే పెడల్‌ను పైకి లాగాలి కూడా. ఎత్తు కొలిచే ఏ పట్టికలోనూ దీనికి గడి లేదు, ఉండాలి.

పంజాగుట్టవాళ్లకు అందుబాటులో ఉన్న అసలైన పరీక్ష శ్రీశైలం రోడ్డు. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి: కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటాక నల్లమల. పీఠభూమి మీద కష్టపడి సంపాదించిన ఎత్తునంతా ఈగలపెంట దాటాక కృష్ణ ఒడ్డుకు దిగి పోగొట్టుకుని, వంతెన దాటి సున్నిపెంట వైపు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. ఆ దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంచితే రిమ్ము కాలిపోతుంది. పట్టి వదులుతూ దిగాలి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట అడవి గేట్లు మూసేస్తారు, చీకటి పడకముందే దాటేలా బయలుదేరాలి. దూరయాత్రల బ్రెవేలలో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అర్ధరాత్రి తర్వాత పంజాగుట్టలో తొక్కడం మొదలుపెట్టి, తెల్లవారేసరికి కల్వకుర్తి దాటి, మధ్యాహ్నానికి కృష్ణ దగ్గరుంటే ఆ గడువులోకి వస్తారు. చివరి ఎక్కుడుకు మాత్రం ఒక బాటిల్ నీళ్లు ఎక్కువే దాచుకోండి.