అంతరిక్ష దుస్తుల సంరక్షణ – రవాణా

ప్రతి సంవత్సరం శ్రీరామనవమినాడు భద్రాచల దేవస్థానానికి ప్రభుత్వ పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించబడుతున్నవి. గోల్కొండ చివరి పాదుషా అబుల్ హసన్ తానీషా కాలం నుండి ఈ ఆచారం వస్తున్నదని పెద్దలు చెబుతారు. ఆ వస్త్రాలను తలపై ఉంచుకొని భక్తితో కొనిపోయే దృశ్యం ఖమ్మం, భద్రాచల ప్రాంతాల వారందరికీ పరిచితమే. వస్త్రం అంటే నూలు పోగుల అల్లిక మాత్రమే కాదనీ, దానిని అంటిపెట్టుకొని ఒక చరిత్ర ఉంటుందనీ మన పెద్దలు ఎరుగుదురు. ఆ ఎరుకనే ఆధారం చేసుకొని, మానవుడు భూమిని విడిచి వెళ్ళినప్పుడు ధరించిన దుస్తులను ప్రదర్శనశాలలు ఎట్లు కాపాడుతున్నవో ఈ వ్యాసంలో వివరింపదలచితిమి.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. భారతదేశపు తొలి వ్యోమగామి రాకేశ్ శర్మ హైదరాబాదులోని సెంట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, నిజాం కళాశాలలోను చదివినవారే. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరి, సల్యూత్-7 కేంద్రంలో పనిచేసి, ఏప్రిల్ 11న సోయుజ్ టి-10 నౌకలో ఆయన భూమికి తిరిగివచ్చారు. ఆ నౌక భాగాన్నీ, ఆయన అంతరిక్ష దుస్తునూ ఢిల్లీలోని నెహ్రూ ప్లానెటేరియంలో ప్రదర్శనకు ఉంచారు. లోహపు నౌక శతాబ్దాలు నిలువవచ్చును. దుస్తు సంగతి అట్లు కాదు.

సోయుజ్ నౌకలలో ధరించే దుస్తు పేరు సొకోల్. దాని పుట్టుక వెనుక ఒక విషాదం ఉన్నది. 1971 జూన్ 30న సోయుజ్-11 నౌక తిరిగివచ్చే సమయంలో లోపలి గాలి బయటకు పోయి ముగ్గురు సోవియట్ వ్యోమగాములు మరణించారు. వారు ఒత్తిడి దుస్తులు ధరించి ఉండలేదు. ఆ తరువాత 1973 నుండి సొకోల్ దుస్తు వాడుకలోకి వచ్చింది. దీని పై పొర గట్టి నైలాను బట్ట. లోపలిది గాలి చొరబడని రబ్బరు పూత గల పొర. ధరించిన పిమ్మట ఆ లోపలి పొరను ముందు భాగాన సంచి మూతివలె కుచ్చుగా పోగుచేసి, రబ్బరు పట్టీలతో బిగించి కట్టుదురు. మనిషి ప్రాణం నిలిచేది ఆ రబ్బరు మీదనే.

చంద్రుని మీద నడిచినవారి దుస్తులు ఇంకను సంక్లిష్టమైనవి. 1969 జూలైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ధరించిన దుస్తులో 21 పొరలు ఉన్నవి. వానిలో నైలాను, రబ్బరు, అల్యూమినియం పూత గల పలుచని పొరలు మొదలైనవి చేరియున్నవి. అన్నిటికంటె పైన బీటా క్లాత్ అనే తెల్లని వస్త్రం. 1967 జనవరిలో అపోలో-1 అగ్నిప్రమాదం జరిగిన పిమ్మట, నిప్పుకు అంటుకొనని బట్ట అవసరమై, గాజు నారకు టెఫ్లాన్ పూసి దీనిని వాడిరి. దర్జీ స్త్రీలు కుట్టుమిషన్లపై అతి సూక్ష్మమైన కొలతలతో ఈ దుస్తులను కుట్టారు. చంద్రయానం సఫలం కావడమే వారి లక్ష్యం. ఏబది ఏండ్ల పిమ్మట కూడా అవి నిలువవలెనని ఎవరూ తలచియుండలేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

రబ్బరు స్వభావం మనకు తెలియనిదేమీ కాదు. అలమారలో మరచిపోయిన రబ్బరు బ్యాండు కొన్నాళ్ళకు జిగటగా మారి కాగితానికి అతుక్కొంటుంది. లేదా ఎండి, లాగగానే తునిగిపోతుంది. మూలన పడవేసిన పాత సైకిలు ట్యూబు మడతల వద్ద బీటలు వారుతుంది. గాలిలోని ప్రాణవాయువు, వేడి, వెలుతురు కలిసి రబ్బరును ఇట్లు క్షీణింపజేస్తున్నవి. అంతరిక్ష దుస్తులోని రబ్బరు కూడా ఇట్లే గట్టిపడి పెళుసుబారుతున్నది. దానికి తోడు, జిప్పులలోని ఇత్తడిలో రాగి ఉన్నది. రాగి తగిలినచోట రబ్బరు మరింత త్వరగా చెడుతుంది.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. వ్యోమగామి శరీరాన్ని చల్లబరచుటకు లోదుస్తులో సన్నని ప్లాస్టిక్ గొట్టాల ద్వారా నీటిని ప్రవహింపజేస్తారు. ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండుటకు కలిపిన ద్రవం కాలక్రమేణా బయటకు ఊరి, బట్టపై గోధుమరంగు మరకలు చేస్తుంది. ఆ ప్లాస్టిక్ క్షీణించేటప్పుడు వెలువడే ఆమ్లవాయువు లోహపు భాగాలను తినివేస్తుంది. అనగా, దుస్తుకు శత్రువు బయటనుండి రానక్కరలేదు; ఒక పొర విడిచిన విషం పక్క పొరను చంపుతున్నది. పొరలన్నీ కలిసి కుట్టబడినందున, చెడిన పొరను తీసివేసి మరొకటి పెట్టుటకు వీలులేదు. అట్లు చేసినచో అది చంద్రునిపై నడిచిన దుస్తు కాకుండా పోతుంది.

మరి మార్గమేమి? క్షీణతను ఆపలేము, నెమ్మదింపజేయగలము. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ ఈ దుస్తులను సుమారు 16 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనంలో, దాదాపు 30 శాతం తేమలో భద్రపరచుచున్నది. చలి ఎక్కువైనను ప్రమాదమే. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క తీరున ముడుచుకొని పొరలు విడివడవచ్చును. దుస్తు లోపల మెత్తని ఆధారాన్ని అమర్చి, రబ్బరుపై మడత పడకుండా చూస్తారు. శిరస్త్రాణాన్నీ, చేతి తొడుగులనూ విడదీసి, లోపలి వాయువులు బయటకు పోవునట్లు చేస్తారు. కుట్లు విప్పకుండా లోపలి స్థితిని ఎక్స్‌రేల ద్వారా పరిశీలిస్తారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ దుస్తును 1976 నుండి ముప్పది సంవత్సరాలు ప్రదర్శనలో ఉంచి, క్షీణతను గమనించి 2006లో లోపలికి తీసికొనిపోయారు. 2015లో దాని సంరక్షణకు ప్రజలను చందాలు కోరగా, తొమ్మిది వేల మందికి పైగా స్పందించి ఏడు లక్షల డాలర్లకు పైగా సమకూర్చారు. చంద్రయానానికి ఏబది ఏండ్లు నిండిన 2019 జూలైలో, ప్రత్యేకంగా నిర్మించిన అద్దాల పెట్టెలో అది తిరిగి ప్రజల ముందుకు వచ్చింది.

ఇక రవాణా సంగతి. చంద్రునివరకు వెళ్ళివచ్చిన దుస్తుకు ఒక ఊరినుండి మరొక ఊరికి లారీలో పోవుటే నేడు పెద్ద గండం. గట్టిపడిన రబ్బరు ఒక్క కుదుపుకు పగులవచ్చును. అందుచేత దుస్తును నిలబెట్టక వెల్లకిల పరుండబెట్టి, దాని ఆకారానికి తగినట్లు కోసిన మెత్తని నురుగు దిండ్ల మధ్య పెట్టెలో అమర్చుతారు. బయలుదేరకముందు ప్రతి మరకను, ప్రతి చీలికను ఫోటో తీసి వ్రాసి ఉంచుతారు. చేరిన పిమ్మట ఆ పట్టికతో సరిచూస్తారు. పెట్టె గమ్యం చేరిన వెంటనే తెరువరు. లోపలి చల్లదనం బయటి వేడితో మెల్లగా సమానమగుటకు సుమారు ఒక దినం ఆగుతారు. లేనిచో చల్లని లోటాపై చెమ్మ పట్టినట్లు దుస్తుపై నీటి బిందువులు చేరును.

విద్యార్థి మిత్రులారా! ఇదంతా మనకెందుకని అడుగవచ్చును. హైదరాబాదు పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కోసం నిర్మించిన సుదీర్ఘమైన అలమారను నేటికీ చూడవచ్చును. మన ఇండ్లలోని సందూకులలో తాతల షేర్వానీలు, నిఖా నాటి దుపట్టాలు, పెండ్లి పట్టుచీరలు ఉన్నవి. మన అడవులలోని కోయ సోదరులు నాట్యంలో ధరించే కొమ్ముల తలపాగాలు ఉన్నవి. గోదావరి గాలిలో తేమ ఎక్కువ. 1986లో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. అట్టి వరద ఇంటిలోనికి వచ్చిననాడు నేలపైనున్న సందూకు ఏమగునో చెప్పనక్కరలేదు.

అంతరిక్ష దుస్తులు నేర్పిన పాఠాలకు ధనం అక్కరలేదు. పాత బట్టను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టరాదు. లోపలి తేమ, వాయువులు దానిని తినివేస్తవి. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుబట్టలో చుట్టి, వెడల్పుగా పరచి, మడతలు తప్పనిచోట మెత్తని గుడ్డను చుట్టలుగా చుట్టి ఉంచవలెను. ఇనుప కొక్కెములకు తగిలింపరాదు. వార్తాపత్రిక కాగితం వాడరాదు. ఎండ తగులని, నేలకు ఎత్తయిన చోట పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ బట్ట ఎవరిది, ఎప్పటిది, ఏ సందర్భంలో ధరించినది అన్న వివరాన్ని ఒక చీటీపై వ్రాసి దానితోకూడ ఉంచవలెను. ఆ చీటీ లేనినాడు చరిత్ర మాసి, పాతగుడ్డ మాత్రమే మిగులును.

కళాశాల కార్యవర్గ సభ్యులకు మా విన్నపం ఒక్కటే. గ్రంథాలయంలో ఒక అలమారను ఇందుకు కేటాయింపవలసినదిగా కోరుచున్నాము. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులము కలిసి మా ఇండ్లలోని పెద్దలను అడిగి, వారు ప్రేమతో ఇచ్చిన వస్త్రాలను, వాని కథలను రెండు భాషలలోను వ్రాసి భద్రపరుస్తాము. చంద్రుని ధూళి అంటిన దుస్తును కాపాడుటకు ఎక్కడివారో వేలమంది చేయి కలిపినారు. మన తాతల చెమట అంటిన బట్టను కాపాడుటకు మనమే పూనుకొనవలెను.